కొలను మీద కట్టిన దారం

కరోనా తర్వాత పార్కులు మళ్ళీ తెరిచిన మొదటి చలికాలంలో, నెల్లూరులో నేను సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న పెద్ద పార్కులో ఒక గూడబాతు చనిపోయింది. దాని గురించి పై అధికారికి నేనొక రిపోర్టు రాశాను. ఆ రిపోర్టులో ఒక్క అబద్ధం కూడా లేదు. రాయవలసిన ఒక వాక్యం మాత్రం లేదు. కొలను మీద నైలాన్ దారాలు కట్టించింది నేనేనన్న వాక్యం అది. అది లేకపోవడం వల్ల పోలయ్య అనే వాచర్‌కు ఉద్యోగం పోయింది, దాంతోపాటు పేరూ పోయింది. ఆ తర్వాత కూడా నాకు నెలనెలా జీతం వచ్చింది, చివరికి ఒక శాలువా కూడా వచ్చింది.

పార్కులో ఉద్యోగమంటే పూల మధ్య తిరగడమని చాలామంది అనుకుంటారు. మా బంధువుల్లో ఒకాయన ఇప్పటికీ నన్ను చూసి, నీకేమయ్యా, గాలికి జీతం తీసుకుంటున్నావు అంటాడు. నిజానికి నా పని ఫిర్యాదులు వినడం. మా పార్కు చుట్టూ ఒకసారి నడిచి రావడానికి అరగంట పైనే పడుతుంది. మధ్యలో పెద్ద కొలను ఉంది. అందులో సగంలో పెడల్ బోట్లు తిరుగుతాయి. మిగతా సగం మీద చిన్న వంతెన ఉంది, పిల్లలు దాని మీద నిలబడి చేపలకు బొరుగులు వేస్తారు. తోటపని వాళ్ళు, వాచర్లు నా కింద పనిచేస్తారు. వాచర్ గేటు దగ్గర కుర్చీలో కూర్చునే మనిషి కాదు. రోజంతా తిరుగుతూ, నీళ్ళలోకి దిగేవాళ్ళనూ, కొమ్మలెక్కి ఫోటోలు దిగేవాళ్ళనూ ఈల ఊది ఆపేవాడు. వీళ్ళంతా ఔట్‌సోర్సింగ్ మనుషులు. అంటే పని మేము చెబుతాం, జీతం ఏజెన్సీ ఇస్తుంది. తీసేయడానికి కాగితం కూడా అక్కర్లేదు, ఒక ఫోన్ చాలు.

లాక్‌డౌన్‌లో మనుషులు రాని ఆ నెలల్లో పార్కు పక్షులది అయిపోయింది. నీటికాకులు వంతెన కమ్మీల మీద రెక్కలు ఆరబెట్టుకునేవి. నత్తగుల్ల కొంగలు బోట్ల సీట్ల మీదే నిలబడి నత్తలు చీల్చుకుని తినేవి. గేట్లు తెరిచాక అవి పోతాయనుకున్నాను. పోలేదు. పైగా వానలు పడ్డాక నాలుగు గూడబాతులు, అంటే పెలికాన్లు, కూడా వచ్చాయి. పులికాటు సరస్సు వైపు వెళ్ళే పక్షులు దారిలో ఇక్కడ ఆగాయి. తట్టంత ముక్కు, దాని కింద సంచి, నీళ్ళ మీదకు వాలేటప్పుడు కాళ్ళు ముందుకు చాపి విమానంలా జారుకుంటూ దిగడం. ఆదివారాలు జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు. ఎప్పుడూ ఫోన్లో తల దించుకుని నడిచే కుర్రాళ్ళు కూడా తలెత్తి చూశారు. నా ఉద్యోగ జీవితంలో పార్కు అంత బాగా ఉన్న రోజులు లేవు.

ఫిర్యాదులు కూడా అంత ఎక్కువగా వచ్చిన రోజులు లేవు. పొద్దున నడిచేవాళ్ళకు మా దగ్గర ఒక అసోసియేషన్ ఉంది. దాని ప్రెసిడెంటు గారు బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి. రోజూ పొద్దున్నే, నేను పళ్ళు తోముకునే సమయానికి సరిగ్గా ఫోన్ చేసేవారు. ట్రాక్ మీద రెట్టలు. బోటు సీట్ల మీద రెట్టలు. ఒకరోజు ఆయన శ్రీమతి గారి చీర మీద.

“పక్షులు ఉండొద్దని నేననడం లేదండీ,” అన్నారు. “ఉండనీయండి. కానీ ఒక పద్ధతి ఉండాలి కదా?”

పక్షులకు పద్ధతి నేర్పే సర్క్యులర్ ఏదీ మా ఆఫీసులో లేదు. ట్రాక్ రోజుకు రెండుసార్లు కడిగించాను. కడిగితే తడిగా ఉంది, జారుతున్నామన్నారు. కడగకపోతే వాసనన్నారు. కొంగలు వాలే కొమ్మలు కొట్టించమని ఒకరు, కొట్టిస్తే ఊరుకోమని ఇంకొకరు. ఇద్దరూ పక్కపక్కనే నడిచేవాళ్ళు. లాఫింగ్ క్లబ్బు వాళ్ళు పక్షుల గోల వల్ల తమ నవ్వు వినపడటం లేదని లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. ఆ కాగితం ఇంకా నా ఫైల్లో ఉంది.

అసలు చిక్కు చేపపిల్లలతో వచ్చింది. వంతెన కింద పిల్లలు చూడటానికని అసోసియేషన్ వాళ్ళు చేపపిల్లలు తెచ్చి ఒక పండగలా కొలనులో వదిలారు. వారం తిరక్కుండానే నీటికాకులు వాటిని ఖాళీ చేశాయి. ప్రెసిడెంటు గారు నా గదికే వచ్చారు.

“మేము వదిలింది పిల్లల సరదాకయ్యా, నీటికాకుల టిఫినుకు కాదు. వచ్చే ఆదివారం మళ్ళీ వదులుతున్నాం. ఈసారి పోతే నేను పైకి వెళ్ళాల్సి ఉంటుంది.”

పైకి అంటే మా అధికారి దగ్గరికని. అప్పటికి నేను నిజంగా విసిగిపోయి ఉన్నాను. విసిగిన మనిషికి మొదట తోచిన ఉపాయమే గొప్పగా కనిపిస్తుంది.

నాకు తోచిన ఉపాయం అల్లూరు నుంచి వచ్చింది. మా బావమరిదికి అక్కడ రొయ్యల గుంటలున్నాయి. నీటికాకులు ఒక గుంటలో జబ్బు రొయ్యను పట్టి ఇంకో గుంటలో జారవిడిస్తే అక్కడి పంటంతా పోతుంది. అందుకని గుంటల మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకు సన్నని నైలాన్ దారాలు వరసగా లాగి కడతారు. దీన్ని బర్డ్ ఫెన్సింగ్ అంటారు. దారాల మీద అక్కడక్కడా మెరిసే పేలికలు కడతారు. గాలికి అవి తళతళలాడితే పక్షి దూరం నుంచే చూసి తప్పుకుంటుంది. మా ఇళ్ళల్లో ఇది అందరికీ తెలిసిన పని. బావమరిది దగ్గర మిగిలిన దారపు చుట్టలు రెండు బండి మీద వేసుకుని తెచ్చాను. ఎవరినీ అడగలేదు, కాగితం మీద పెట్టలేదు. మా దగ్గర సగం పనులు నోటిమాట మీదే నడుస్తాయి.

శనివారం మధ్యాహ్నం, పార్కు మూసి ఉండే వేళ, వంతెన ఉన్న సగం మీద దారాలు కట్టించాను. తోటపని చేసే మస్తానమ్మ, మరొక మనిషి కట్టారు. రెండు వరసలకు పేలికలు కట్టాక ప్రెసిడెంటు గారికి ఫోటో పంపాను. కొలను పెళ్ళి పందిరిలా ఉంది, ఫోటోలు పాడవుతాయి, ఆ మెరుపు కాగితాలు లేకుండా కుదరదా అని జవాబు వచ్చింది. కుదురుతుందన్నాను. పేలికలన్నీ విప్పించేశాను.

పోలయ్య అప్పుడే రౌండు ముగించుకుని వచ్చాడు. అతనిది పులికాటు సరస్సు ఒడ్డున ఒక పల్లె. తాతల నుంచీ చేపల వేట. సరస్సులో వేట సరిగా లేక, పడవలో తన వాటా అమ్ముకుని, మా పార్కులో వాచర్‌గా చేరాడు. ఏ పక్షి ఎప్పుడొస్తుందో, ఏది ఎక్కడ వాలుతుందో నాకు నేర్పింది అతనే. స్కూలు పిల్లలొస్తే నేను అతన్నే పంపేవాణ్ణి. దారాల వంక కాసేపు చూసి నా దగ్గరికి వచ్చాడు.

“సార్, పేలికలు ఎందుకు తీసేసినారు?”

ఫోటోల సంగతి చెప్పాను.

“పేలిక లేకుంటే పిట్టకు దారం కనపడదు సార్. మనకే కనపడటం లేదు. గుంటల కాడ అయితే కాపలా మనిషి ఉంటాడు, తగులుకున్నదాన్ని విడిపిస్తాడు. గూడబాతు బరువు పక్షి, అది దిగేటప్పుడు పక్కకు తిరగలేదు. ఇట్ట కడితే వలకీ దీనికీ తేడా ఏముండాది?”

“నువ్వు వలలేసిన మనిషివి పోలయ్యా. నీకు ప్రతి దారం వలలాగే కనిపిస్తుంది,” అన్నాను. మస్తానమ్మ పక్కనే ఉంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

మర్నాడు పోలయ్య తన రౌండు వదిలేసి పొద్దున్నుంచీ వంతెన దగ్గరే నిలబడ్డాడు. అలా నిలబడమని నేను చెప్పలేదు.

ఆదివారం ఏడున్నరకు జనం నిండుగా ఉన్నారు. రెండో విడత చేపపిల్లలను వదలడానికి ప్లాస్టిక్ సంచులతో అసోసియేషన్ వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఒక గూడబాతు దూరం నుంచి ఎప్పటిలాగే కాళ్ళు చాపి జారుకుంటూ వచ్చింది. పిల్లలు చేతులు చాపి చూపిస్తున్నారు. అది గాలిలోనే ఆగిపోయినట్టు ఆగి, తలకిందులై, రెక్క ఒకటి పైకి ఒకటి నీళ్ళలోకి వేలాడింది. కొట్టుకున్నకొద్దీ ఇంకో దారం, ఇంకో దారం చుట్టుకున్నాయి. ఆ చప్పుడు, పెద్ద తడిబట్టను బండకేసి బాదినట్టు ఉంది. పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు ఫోన్లు తీశారు.

పోలయ్య చాకు పట్టుకుని దూకాడు. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, అది ముక్కుతో మొహం మీద కొడుతుంటే కొట్టించుకుంటూ, దారాలు ఒక్కొక్కటే కోశాడు. తన యూనిఫారం చొక్కా విప్పి దానికి చుట్టి ఒడ్డుకు తెచ్చాడు. ఆటో ఒకటి పిలిచి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాడు. నేను చేసిన పని ఇదొక్కటి: అతను అటు వెళ్ళగానే మిగిలిన దారాలన్నీ మస్తానమ్మ చేత పీకించేశాను.

పది గంటలకల్లా వీడియో ఊరంతా తిరిగింది. అందులో కనిపించేది ఏమిటంటే, ఒంటి మీద చొక్కా లేని ఒక మనిషి, ఒక చేతిలో చాకు, ఇంకో చేతిలో నైలాన్ దారం, పక్కన నెత్తురోడుతున్న పక్షి. పార్కు కొలనులో దొంగచాటుగా చేపలు పడుతున్నారని ఎవరో కింద రాశారు. అధికారి నుంచి ఫోన్ వచ్చింది. గూడబాతు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న పక్షి, అటవీ శాఖ వాళ్ళు అడుగుతున్నారు, గంటలో రిపోర్టు కావాలన్నారు. ఆయన గొంతులో భయం ఉంది. అది నాకూ అంటుకుంది.

మా ఆఫీసు భాషకు ఒక సౌకర్యం ఉంది. అందులో ఎవరూ ఏమీ చెయ్యరు, అన్నీ వాటంతటవే జరుగుతాయి. నేను రాసింది ఇది: “కొలను మీద నైలాన్ దారములు కనిపించినవి. ఆ సమయమున పోలయ్య అను వాచర్ డ్యూటీలో ఉన్నాడు. సదరు వాచర్ పులికాటు ప్రాంత మత్స్యకార కుటుంబమునకు చెందినవాడు.” మూడూ నిజాలే. మూడు నిజాలను పక్కపక్కన పెడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మూడో వాక్యం అక్కడ ఎందుకుందని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చేపల వేట కులంలో పుట్టినవాడు, చేతిలో నైలాన్ దారం. ఇంకేం కావాలి? చదివినవాళ్ళు మిగతాది వాళ్ళే పూర్తి చేసుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఏజెన్సీ పోలయ్యను తీసేసింది. ఇంకే పార్కులోనూ, ఆసుపత్రిలోనూ కాపలా పనికి పెట్టుకోకుండా వాళ్ళ లిస్టులో అతని పేరు కొట్టేశారు.

సోమవారం అతను నా గదికి వచ్చాడు. ముక్కు తగిలిన చోట బుగ్గ వాచి ఉంది. ఈల తీసి బల్ల మీద పెట్టాడు.

“సార్, మీరొక్క మాట చెప్తే సరిపోద్ది. దారం ఎందుకు కట్టినారో చెప్పండి. తప్పు పని అని ఎవురూ అనరు, చేపల కోసమే గదా కట్టింది.”

“ఇప్పుడు కాదు పోలయ్యా. గొడవ కొంచెం చల్లారనీ. రెండు నెలల్లో నేనే పిలిపిస్తాను.”

పిలిపించనని అతనికి అప్పుడే అర్థమైందనుకుంటాను.

“పక్షికి రెక్క యిరిగిందంట. డాక్టరు ఏమైనా ఫోన్ చేసినాడా?” అని అడిగాడు. చెయ్యలేదన్నాను. నిజానికి అది పొద్దున్నే చనిపోయిందని ఫోన్ వచ్చింది. ఆ మాట కూడా దాచాను. ఎందుకు దాచానో ఇప్పటికీ తెలియదు.

రెండు నెలలు గడిచాయి, ఏళ్ళూ గడిచాయి. ఆ సంఘటన తర్వాత పక్షుల విషయంలో అందరూ భయపడ్డారు కాబట్టి, నా పని సులువైంది. వంతెన సగాన్ని పక్షులకే వదిలేశాం. నత్తగుల్ల కొంగలు వాలే చెట్ల కింద నుంచి ట్రాక్ పక్కకు మళ్ళించాం. ఏ పక్షి పేరేమిటో బోర్డులు పెట్టాం. ఆ బోర్డుల మీది సంగతులన్నీ పోలయ్య నాకు చెప్పినవే. రెట్టల ఫిర్యాదులు మాత్రం ఆగలేదు, ఆగవు కూడా. పక్షులను చూడాలంటే వాటికి కాస్త చోటు, మన చొక్కా మీద కాస్త మరక వదులుకోవాలి. ఈ ముక్క ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా అవతలి వాళ్ళు “అదంతా సరే గానీ” అంటారు.

కిందటి చలికాలం అసోసియేషన్ వాళ్ళు నన్ను పక్షి ప్రేమికుడన్నారు. ట్రాక్ పక్కనే కుర్చీ వేసి, శాలువా కప్పారు. ప్రెసిడెంటు గారు మైకులో మాట్లాడుతూ, ఒకప్పుడు కంచే చేను మేసినట్టు వాచరే చేపలు దొంగిలించిన పార్కు ఇది, ఈయన వచ్చి బాగుచేశాడన్నారు. ఆ రోజు నేను పంపిన దారాల ఫోటో గానీ, నేను అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నానన్న సంగతి గానీ ఆయనకు గుర్తున్నట్టు లేదు. నేను చేతులు జోడించి కూర్చున్నాను. ఎదురుగా మస్తానమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

మర్నాడు మస్టర్ దగ్గర, అంటే పొద్దున హాజరు వేసే చోట, వేలిముద్ర వేసి వెళ్ళబోతూ ఆగింది. ఇన్నేళ్ళలో పనిమాట తప్ప ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

“శాలువా బాగుండాది సార్. పోలయ్య అన్నను పోయిన నెల సూళ్ళూరుపేట బస్టాండులో చూసినా. వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లోళ్ళు కూడా పార్కు చేపల దొంగ అంటారంట. సొంత సరస్సులో చేపలు పట్టేవాడికి ఆ పేరు ఎట్ట వచ్చిందో మీకూ నాకూ తెలుసు. నాకు ముగ్గురు పిల్లోళ్ళు, నోరు మూసుకున్నా. మీకేమొచ్చింది?”

ఆ ఆదివారం బండి మీద పోలయ్య ఊరు వెళ్ళాను. ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆ వలా, పడవా వేరేవాళ్ళవి. తను కూలికి వెళ్తున్నాడు. నన్ను చూసి లేచి, సాపు చేసిన సంచి మీద కూర్చోమన్నాడు. అతని భార్య నీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు చెప్పాను. తప్పు నాదేనన్నాను, క్షమించమన్నాను. వల కంతలు చూసుకుంటూ విన్నాడు.

“దీనికోసం ఇంత దూరం రావాల్నా సార్? దారం ఎవురు కట్టినారో నాకు తెలవదా? మీకు తెలవదా? మనిద్దరం ఒకరికొకరు చెప్పుకుంటే ఏమొస్తాది?” అన్నాడు. తర్వాత వల పక్కన పెట్టాడు. “తెలవనోళ్ళు నెల్లూర్లో ఉండారు. ఆదివారం పొద్దున అందరూ ఆడే ఉంటారు గదా. ఆడ చెప్పండి. నేనూ వస్తా.”

ముందు అధికారికి ఉత్తరం రాశాను. అప్పటి అధికారి మారిపోయారు. కొత్తాయన చదివి తల పట్టుకున్నారు. మూసిన ఫైలు ఇప్పుడెందుకయ్యా తెరవడం, నీకూ తలనొప్పి, నాకూ తలనొప్పి అన్నారు. తలనొప్పి రావాల్సిందేనన్నాను. నాకు మెమో ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. పోలయ్య పేరు లిస్టులో తిరిగి చేర్చమని ఏజెన్సీకి లెటరు పెట్టించడానికి మరో నెల తిరిగాను. ఆ లెటరు కాపీ చేతికి వచ్చాకే ప్రెసిడెంటు గారిని మైకు అడిగాను. రెట్టల సంగతేదో తేలుస్తారనుకుని ఆయన సంతోషంగా ఇచ్చారు.

ఏం మాట్లాడాలో ముందు రాత్రి కాగితం మీద రాసుకున్నాను. మొదటిసారి రాసినప్పుడు అందులో ప్రెసిడెంటు గారి ఫోనూ, పేలికలు వద్దన్న మాటా, అధికారి తొందరా అన్నీ వచ్చాయి. చదివితే అది క్షమాపణలా లేదు, మళ్ళీ రిపోర్టులా ఉంది. అవన్నీ కొట్టేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ కేసు నాకు నేర్పింది అదే. ఒక పని చేసినవాడు “నేను చేశాను” అని మొదలుపెట్టకుండా ఎంత నిజం రాసినా, ఆ నిజం వెళ్ళి ఇంకొకరి నెత్తిన పడుతుంది.

ఆదివారం పొద్దున ట్రాక్ మీద అందరూ ఉన్నారు. పోలయ్య మొదటి బస్సుకు వచ్చాడు. భార్యను కూడా తీసుకొచ్చాడు. ఇద్దరూ వెనక వరసలో నిలబడ్డారు. మస్తానమ్మ వాళ్ళ పక్కకు వెళ్ళి నిలబడింది. వాళ్ళను ముందుకు రమ్మన్నాను. ఎవరో, ఇదంతా ఇప్పుడెందుకండీ, టిఫిను టైమవుతుందని అంటున్నారు. నేను కాగితం జేబులో పెట్టేసుకుని మాట్లాడాను.

“ఈయన పేరు పోలయ్య. మీలో చాలామంది ఈయన్ని వీడియోలో చూసినారు. గూడబాతు చచ్చిపోయిన దారాలు ఈయన కట్టలేదు. నేను కట్టించినా. వద్దని ఈయన నాకు చెప్పినాడు, నేను ఎగతాళి చేసినా. ఆ రోజు ఇంతమందిలో నీళ్ళల్లోకి దిగింది ఈయన ఒక్కడే. ఈయన ఏ రోజూ ఈ కొలనులో చేప పట్టలేదు. దొంగ అని మీరంతా అనుకునేటట్టు రాసింది నేనే. ఉద్యోగం పోతాదని భయపడి రాసినా, ఆ తర్వాత సిగ్గుపడి దాచినా.” అక్కడ ఆగి వాళ్ళ వైపు తిరిగాను. “పోలయ్యన్నా, నీ అన్నం తీసేసినా, నీ పేరు తీసేసినా. అమ్మా, మీ ఇంటికొచ్చి చెప్పిన మాట సరిపోలేదు. అందరి ముందర చెప్తా ఉండా. తప్పు నాది. నన్ను క్షమించండి.”